ఊరికి బడ్జెట్ పాఠం చెబుతాను, మా ఇంటి లెక్క మాత్రం నాకు తెలియదు

"మాది పల్నాడు జిల్లాలో ఓ పల్లె. పక్క మండలంలోని జూనియర్ కాలేజీలో వొకేషనల్ విద్యార్థినులకు హోంసైన్స్ చెబుతాను. గంటల లెక్కన జీతం. చేతికి 27 వేలు వస్తుంది, వేసవి రెండు నెలలు ఏమీ రాదు. ఏటీఎం కార్డు మా వారి దగ్గరే ఉంటుంది. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాల్లో మిర్చి వేస్తారు. కిందటేడు నా గొలుసు, గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తాను, ప్రోనోటు మీద నువ్వూ సంతకం పెట్టమంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మా పాపకు హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. 'కాలేజీలో తిండి పాఠాలు చెబుతుంది, కన్నకూతురికి పెట్టుకోలేదు' అని అత్తయ్య వచ్చిన వాళ్లందరితో అంటున్నారు. ఉద్యోగం మానేయాలనిపిస్తోంది."
– ఓ సోదరి

ఉద్యోగం మానేస్తే పాపకు రక్తం పట్టదు, గొలుసు ఇంటికి రాదు. నెలకు 27 వేలు మాత్రం పోతాయి. ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ముందు ప్రోనోటు సంగతి. సంతకం పెట్టొద్దు. మీరూ సంతకం చేస్తే, ఆయన కట్టలేనప్పుడు బాకీ మొత్తం మిమ్మల్ని అడగొచ్చు. నెలజీతం ఉన్న మనిషి మీదికే ముందు వస్తారు కూడా. అంకె రాయని ప్రోనోటు, ఖాళీ చెక్కు అయితే ఎవరు బతిమాలినా ఇవ్వకూడదు. చెక్కు చెల్లకపోతే కేసు సంతకం చేసినవారి మీదే పడుతుంది.

వద్దని ఊరుకుంటే పంటకు పెట్టుబడి ఎక్కడిదని ఆయన అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. ధర లేదని మిర్చి బస్తాలు (టిక్కీలు) కోల్డ్ స్టోరేజీలో పెడితే ఆ నెలల వడ్డీ కూడా కలుస్తుంది. సొంత పొలం పాస్‌బుక్కు మీద బ్యాంకులో తీసుకునే పంట రుణానికి 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. రెండెకరాలకు ఎంత ఇస్తారో మిర్చికి ఆ ఏడు ఖరారైన రుణ పరిమితిని బట్టి ఉంటుంది. కౌలు మూడెకరాలకు సాగుదారు హక్కు పత్రం కావాలి. దానికి సంతకం చేయమంటే పొలం యజమానులు చాలామంది జంకుతారు, అయినా అడిగి చూడాల్సిందే. ఒక అనుమానం: బ్యాంకు ఉండగా వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్తున్నారంటే పాత పంట రుణం గడువు దాటిపోయి ఉండొచ్చు. సిగ్గుపడి మీకు చెప్పి ఉండరు. మొదట అడగాల్సింది అదే.

అడిగే తీరులోనే చాలామంది టీచర్ల ఇళ్లలో పని చెడుతుంది. క్లాసులో చెప్పే ఆదాయ వ్యయాల పట్టిక తెచ్చి ముందు పెడితే ఆయనకు పరీక్ష రాయిస్తున్నట్టే ఉంటుంది. అత్తయ్య లేనప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, తెల్ల కాగితం ఒకటి ఆయన చేతికే ఇవ్వండి. "ఏవండీ, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో మీరు చెప్పిన వరుసలోనే రాద్దాం" అనండి. ఒక్కో అప్పుకు నాలుగు సంగతులు చాలు: ఎవరిది, అసలెంత, వడ్డీ ఎంత, ఎప్పటికి కట్టాలి. పురుగుమందుల షాపు ఖాతా, కమీషన్ వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సు మరచిపోవద్దు. ఆ రెండింటినీ రైతులు అప్పుగా లెక్కవేయరు గానీ మీ ఇంటిని ఎక్కువగా గుంజేవి అవే కావచ్చు. నగల తాకట్టు రసీదు మీద గడువు తేదీ చూడండి. అది దాటితే వేలం నోటీసు వస్తుంది.

ఆ బంగారం మీ స్త్రీధనం. దాని మీద భర్తకు యాజమాన్యం లేదని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. ఈ మాట తెలిసి ఉంచుకోండి, మొదటి రాత్రే అనొద్దు.

కార్డు లాక్కుంటే గొడవే మిగులుతుంది. మీ పేరుతో ఇంకో ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే 4,500 దానికి వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. పది నెలలకు 45 వేలు, అంటే వేసవి రెండు నెలలకు నెలకు 22,500. మిగతా పది నెలలూ ఇంటికి వచ్చేది కూడా అంతే. ఆయనకు చెప్పే చేయండి. దాచి చేస్తే ఒక్క ఎస్సెమ్మెస్‌తో బయటపడుతుంది.

ఇక పాప. ఆ వయసుకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 8 నుంచి 10.9 దాకా మధ్యస్థ రక్తహీనత అంటారు. ఇది తిండి ఒక్కదానితో తీరేది కాదు, కాబట్టి అత్తయ్య నింద మీకు అంటదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది రక్తహీనత రాకుండా కాపాడటానికే, వచ్చాక తగ్గించడానికి చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరుకు చూపించి రోజువారీ మోతాదు రాయించుకోండి. నులిపురుగుల మాత్ర వేసుకుందో లేదో కనుక్కోండి. నెలసరి ఏడు రోజులు దాటుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆడపిల్లల్లో తిండికంటే ఇదే కారణమైన సందర్భాలు తక్కువేం కాదు.

మాత్ర వేసుకుంటే వికారమని పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. రాత్రి అన్నం తిన్నాక వేస్తే చాలావరకు తట్టుకుంటారు. మలం నల్లగా వస్తుందని ముందే చెబితే భయపడదు. టీ, పాలు, కాల్షియం మాత్ర దాని దగ్గరకు రానీయొద్దు, కనీసం గంట ఎడం ఉండాలి. బీట్‌రూట్, బెల్లం మీద ఆశ పెట్టుకోవద్దని మీకు వేరే చెప్పక్కర్లేదు. వారానికోసారి కార్జం, తోటకూర పప్పులో దించాక పిండిన నిమ్మకాయ, ఇవి మేలు. నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. ఒక గ్రామైనా పెరగకపోతే కారణం వేరే ఉండొచ్చు, పెద్దాసుపత్రికి వెళ్లాలి. పెరిగితే మధ్యలో ఆపకుండా డాక్టరు చెప్పినంత కాలం వాడాలి.

అత్తయ్య నోరు మూయించే జవాబు వెతకొద్దు. మాత్రల అట్ట ఆవిడ చేతికిచ్చి, "మీరు దగ్గరుండి మింగిస్తేనే మింగుతుంది అత్తయ్యా" అనండి. మాత్ర వేళకు టీ, పాలు దగ్గరకు రాకుండా చూసే పనీ ఆవిడదే. రెండో రిపోర్టులో అంకె పెరిగితే ఊరంతా చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి.

ఆయన కాగితం ముందు కూర్చోకపోతే, మీ ఇంటితో డబ్బు లావాదేవీ లేని పెద్దమనిషిని ఒకరిని పిలవండి. సంతకం కోసం చెయ్యి చేసుకునే దాకా వస్తే మాత్రం ఆగొద్దు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.