కొత్త అద్దాలు జారుతుంటే, తలనొప్పి వస్తుంటే

అన్నా, అనంతపురంలో చేయించిన కొత్త అద్దాలు ముక్కు మీద నిలవట్లేదని, చదివితే తలనొప్పి వస్తోందని రాశారు. పవర్ తప్పని అప్పుడే తేల్చేయకండి. ఫ్రేమ్ కాడ లోపలివైపు 50-18-140 లాంటి అంకెలుంటాయి: అద్దం వెడల్పు, ముక్కు దగ్గర ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. పాత జతతో పోల్చండి. మధ్య అంకె పెద్దదైతే జారే అవకాశం ఎక్కువ. మెటల్‌దైతే ముక్కు ప్యాడ్లు దగ్గరికి వంచుతారు, ప్లాస్టిక్‌దైతే చెవి దగ్గర కాడ వేడిచేసి వంచుతారు. ఐదు నిమిషాల పని. (మన ఎండలకు చెమట పడితే ఎలాగూ కొంచెం జారుతుంది లెండి.)

తలనొప్పికి నా అనుమానం పీడీ మీద, అంటే కంటిపాపల మధ్య దూరం. నాకోసారి 64 మిల్లీమీటర్లకి బదులు 60 పెట్టి అద్దాలు బిగించారు, రెండు నెలలు మాత్రలు మింగాను. డాక్టరు రాసిన పవర్ చీటీ షాపుకి తీసుకెళ్లి అద్దాల్లో పవర్, పీడీ రెండూ మీ ముందే కొలిపించండి. తేడా ఉంటే మార్చమని గట్టిగా అడగండి.