బార్బడోస్‌లో ఆర్నెల్లు ఉండాలంటే

చి.ల.సౌ. పద్మకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ కూతురు, అంటే నా మనవరాలు, మెడిసిన్ చదువుతున్న చోటే ఆర్నెల్లు తోడుండి వద్దామనుకుంటున్నావనీ, వెస్టిండీస్ ద్వీపమైన బార్బడోస్‌కి మనకు వీసా అక్కర్లేదు కాబట్టి ఇక టికెట్లు కొనడమే మిగిలిందనీ రాశావు. ఇది చదివేదాకా టికెట్లు కొనకు.

వీసా అక్కర్లేదన్నది నిజమే. మన పాస్‌పోర్టు మీద చూడ్డానికి వెళ్లేవాళ్లను 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండనిస్తారు. అయితే 90 అన్నది గరిష్ఠ పరిమితి, మన హక్కేమీ కాదు. నీకు ఎన్ని రోజులిచ్చారన్నది ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టులో ముద్ర వేసినప్పుడే తేలుతుంది. ఆ పైన మూడు నెలలు అక్కడికి వెళ్లాక దరఖాస్తు పెట్టి అడగాలి. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. మనవరాలికి స్టూడెంట్ వీసా ఉంది కదా అంటావేమో, అది తన ఒక్కదానికే. నువ్వు వాళ్ల లెక్కలో మామూలు టూరిస్టువే.

అందుకని తిరుగు టికెట్ ఆర్నెల్ల తర్వాతి తేదీకి కొనకు. శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో వాళ్ల కంప్యూటర్‌లో దేశాలవారీగా నిబంధనలు కనిపిస్తాయి. భారతీయులకు 90 రోజులు అని అక్కడ ఉండి, నీ టికెట్లో 175వ రోజు కనిపిస్తే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. నిన్ను బార్బడోస్ వెనక్కి పంపితే ఆ ఖర్చు విమాన సంస్థ నెత్తిన పడుతుంది మరి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొను. ధర కాస్త ఎక్కువైనా సరే, తిరుగు తేదీ 80వ రోజు దగ్గర పెట్టు. పొడిగింపు దొరికాక మార్చుకోవచ్చు.

అసలు చిక్కు దారిలో ఉంది. మన దగ్గర్నుంచి బార్బడోస్‌కి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండి తీరాలి, సీ-1 (ట్రాన్సిట్) అయినా బీ1/బీ2 (విజిటర్) అయినా. కెనడా మీదుగా వెళ్లినా మనకు వీసా పని తప్పదు. లండన్ మీదుగా అయితే రెండు రకాలు. విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారితే డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా సరిపోతుంది. హీత్రూలో దిగి గాట్‌విక్‌లో ఎక్కాల్సి వచ్చినా, రెండు టికెట్లు విడివిడిగా కొని సామాను నువ్వే తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వచ్చినా బ్రిటన్ సరిహద్దు దాటినట్టే. అప్పుడు విజిటర్ ఇన్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాలాంటిది ఉంటే కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. చవకగా వస్తుందని విడి టికెట్లు కొన్నవాళ్లే ఎక్కువగా ఇక్కడ ఇరుక్కుంటారు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద, సామాను నేరుగా బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ చేరేలా తీసుకో.

పాస్‌పోర్టు గడువు కూడా చూసుకో. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆర్నెల్లు మిగిలి ఉంటే మంచిది. తక్కువుంటే ఇక్కడే కొత్తది చేయించుకుని వెళ్లు. బార్బడోస్‌లో మన హైకమిషన్ లేదు. అక్కడి పనులు సూరినాం రాజధాని పరమారిబోలోని మన రాయబార కార్యాలయం చూస్తుంది. పొడిగింపు అడిగే సమయంలో పాస్‌పోర్టు సముద్రం అవతల ఉంటే నీ చేతిలో ఏం చూపిస్తావు?

బయల్దేరే ముందు 72 గంటల్లోపు వాళ్ల ఆన్‌లైన్ ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఫారం నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా గవ్ డాట్ బీబీ అని ముగుస్తుంది, దానికి డబ్బు అడగరు. డబ్బు అడిగితే అది వేరే ఎవరిదో. పచ్చళ్లు, పొడులు, పప్పులు తీసుకెళ్తావు కాబట్టి తినే వస్తువులున్నాయా అన్నచోట ఉన్నాయనే రాయి. విత్తనాలు, పచ్చి ఆకులు, మాంసం వద్దు. మిలటరీ రంగుల మచ్చల బట్టలు అక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం, చిన్నపిల్లల చొక్కా అయినా సరే. అలాంటివేమైనా ఉంటే పెట్టెలోంచి తీసెయ్.

గ్రాంట్లీ ఆడమ్స్ విమానాశ్రయంలో అధికారి అడిగేవి నాలుగైదే. ఎందుకొచ్చావు, ఎక్కడుంటావు, ఎన్నాళ్లు, ఖర్చులకు ఎక్కణ్ణుంచి, తిరుగు టికెట్ ఏది. కూతురు ఇక్కడ చదువుతోంది, చూడ్డానికి వచ్చాను అని చెప్పు. ఇంటి చిరునామా, కాలేజీ ఇచ్చిన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్ కాగితాల మీద చేతిలో ఉంచుకో. ఫోన్లో ఉన్నాయంటే అక్కడ నెట్ అందకపోవచ్చు. ముద్ర పడ్డాక కౌంటర్ వదలకముందే రోజులు చూసుకో. 30 అని రాస్తే అక్కడే మర్యాదగా అడుగు, తిరుగు టికెట్ చూపించు. ఇంటికెళ్లి చూసుకుంటే దిద్దించుకోవడం చాలా కష్టం.

రోజులు లెక్కపెట్టడంలో చాలామంది తప్పుతారు. 90 రోజులంటే మూడు నెలలు కాదు. మే 10న దిగావనుకో, దిగిన రోజు కూడా కలిపితే 90వ రోజు ఆగస్టు 7 అవుతుంది. నెలల లెక్కన ఆగస్టు 10 అనుకుంటే మూడు రోజులు ఎక్కువ ఉండిపోతావు. పైగా ఆగస్టు 1 ఎమాన్సిపేషన్ డే, ఆ నెల మొదటి సోమవారం కడూమెంట్ డే. క్రాప్ ఓవర్ పండగతో ఊరంతా వీధుల్లోనే ఉంటుంది, ఆఫీసులు మూసేస్తారు. కాబట్టి పొడిగింపు దరఖాస్తు గడువుకు మూడు వారాల ముందు, అంటే జూలై మధ్యలో పెట్టు.

ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ బ్రిడ్జ్‌టౌన్‌లో ఉంది. పొద్దున్నే వెళ్లు. ఫారంతోపాటు పాస్‌పోర్టు, దాని నకళ్లు, ఫొటోలు, కొత్త తేదీ వేసిన తిరుగు టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, మనవరాలి వీసా కాపీ, ఇంటి అద్దె ఒప్పందం, ఇన్సూరెన్స్ కాగితం పట్టుకెళ్లు. ఎందుకు ఉండాలో ఒక పేజీ ఉత్తరం రాయి. అమ్మాయి పరీక్షలు ఫలానా తేదీన అయిపోతాయి, ఆ వారంలో తిరిగి వెళ్తాను అని తేదీతో రాస్తే బలం ఉంటుంది. ఊరికే ఇంకా ఉండాలనిపిస్తోంది అంటే బలం ఉండదు. రూపాయల స్టేట్‌మెంట్ పక్కన వాళ్ల డాలర్లలో ఎంతో రాసిపెట్టు. ఒక అమెరికా డాలర్‌కి రెండు బార్బడోస్ డాలర్లని 1975 నుంచి స్థిరంగా ఉంది, లెక్క తేలికే. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకో. రసీదు అనుమతి కాదు కనక, జవాబు వచ్చేలోగా గడువు దాటితే ఏం చేయాలో కౌంటర్లోనే అడుగు.

తిరస్కరించే సందర్భాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చివరి రోజున పరిగెత్తుకెళ్లడం, టికెట్ పాత తేదీతోనే ఉండటం, డబ్బు ఆధారం లేకపోవడం, పని చేస్తున్నారన్న అనుమానం. ఈ చివరిది నీకోసమే చెబుతున్నాను. నీ చేతి వంట మనవరాలి స్నేహితులకు నచ్చుతుంది, నెలకింత ఇస్తాం ఆంటీ, మాకూ వండిపెట్టండి అంటారు. డబ్బు తీసుకున్నావా, టూరిస్టు పని చేసినట్టే. పిలిచి భోజనం పెట్టు, పైసా ముట్టకు.

పక్క ద్వీపానికి రెండు రోజులు వెళ్లొస్తే మళ్లీ 90 రోజులు వస్తాయని నీకు చెప్పేవాళ్లుంటారు. అలా వస్తాయని హామీ ఎక్కడా లేదు. అధికారి పాత ముద్రలు చూసి వారమే ఇవ్వచ్చు, వెనక్కీ పంపచ్చు. సరదాకి వెళ్లినా ఒక్కో ద్వీపానిది ఒక్కో చట్టం. మార్టినీక్ ఫ్రాన్స్‌లో భాగం, అయినా యూరప్ దేశాల ఉమ్మడి వీసా, అదే మామూలు షెంగెన్ వీసా, అక్కడ చెల్లదు, ఫ్రెంచ్ విదేశీ భూభాగాలకు కూడా అని వీసా మీద రాసి ఉండాలి. ట్రినిడాడ్‌కి వీసా అక్కర్లేదు గానీ అది పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడికి వెళ్లి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. వెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడే వేయించుకో.

గడువు దాటి ఉండటం మాత్రం ఒక్క రోజైనా వద్దు. పొమ్మని పంపిస్తే ఆ మచ్చ బార్బడోస్‌తో పోదు. రేపు అమెరికా, బ్రిటన్ వీసా ఫారాల్లో ఏ దేశం నుంచైనా పంపించేశారా అనే ప్రశ్న ఉంటుంది. చివరి రోజుకి తిరుగు ప్రయాణం పెట్టుకోకపోవడానికి ఇంకో కారణం, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అక్కడ తుపానుల కాలం. 2024 జూన్ 29న కెన్సింగ్టన్ ఓవల్లో టీ20 ప్రపంచకప్ గెలిచిన మనవాళ్లు, బెరిల్ తుపానుకి విమానాశ్రయం మూతపడి హోటల్లోనే కూర్చున్నారు. జూలై 4న గానీ ఢిల్లీ చేరలేదు. కనీసం వారం ఎడం ఉంచుకో.

అల్లుడుగారు కూడా వచ్చి అక్కణ్ణుంచే ఆఫీసు పని చేసుకుంటానన్నారని రాశావు. టూరిస్టుగా వచ్చి ఆ పని వద్దు. 2020లో పెట్టిన వెల్‌కమ్ స్టాంప్ అనే వీసా ఇలాంటివాళ్ల కోసమే. 12 నెలలు ఉండనిస్తారు. యజమాని బార్బడోస్ బయటివాడై ఉండాలి, ఏడాదికి 50,000 అమెరికా డాలర్ల ఆదాయం ఉంటుందని చెప్పాలి, ఆరోగ్య బీమా తప్పనిసరి. ఫీజు ఒక్కరికైతే 2,000 అమెరికా డాలర్లు, కుటుంబానికి 3,000. ఆయన తీసుకుంటే నువ్వు కుటుంబం కింద అందులోనే వస్తావు, పొడిగింపు గొడవే ఉండదు. జీతం అంత లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే. అక్కడ ఆ జీతం మీద పన్ను వేయరు, కానీ ఇక్కడ తప్పిపోయిందనుకోవద్దు. నివాసం కారణంగా ఏ దేశంలోనూ పన్ను కట్టనక్కర్లేని భారత పౌరుడికి మన దేశపు ఆదాయం 15 లక్షలు దాటితే ఇక్కడి రెసిడెంట్‌గానే చూసే నిబంధన 2020-21 నుంచి ఉంది. ముందు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, తర్వాత మీ ఆడిటర్‌ని కలవమను.

ఆయన జీతం సంగతి తేలాక ఏ దారో నాకు రాయి. టికెట్‌కి డబ్బు కట్టే ముందు ఏ ఊళ్లో విమానం మారుతున్నారో, మధ్యలో ఎన్ని గంటలో పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న