బహుమతి చేతికిచ్చేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ సేవాసంస్థ పిల్లల పురస్కార సభ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. హాలు, మైకు ఎవరైనా చూసుకుంటారు. బహుమతి ఇచ్చేటప్పుడు చదివే నాలుగు మాటలు మాత్రం నువ్వే రాయి.

ఒక్కొక్కరికి 50 మాటలు చాలు, అర నిమిషంలో అయిపోతాయి. అందులో బిడ్డ చేసిన పని ఉండాలి, పడిన కష్టం కాదు. ‘తండ్రి లేకపోయినా చదువుకుంది’ అంటే హాలంతా జాలిపడుతుంది, మర్నాడు బడిలో అదే మాట వెంటపడుతుంది. ‘ఏడాదిపాటు ప్రతి శనివారం చిన్నపిల్లలకు లెక్కలు నేర్పింది’ అని రాయి. జబ్బు, ఇంటి గొడవ లాంటివి తానుగా చెప్పమంటే తప్ప ఎత్తకు. రాసింది ముందే ఆ బిడ్డకు చదివి వినిపించు, పేరు ఎలా పలకాలో కూడా అప్పుడే అడుగు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లల మాట వినమంటుంది, 16వది వాళ్ల గోప్యత కాపాడమంటుంది. మనం తప్పేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

ఫోటోలకు పెద్దల సంతకం ఒక్కటే చాలదు, బిడ్డ కూడా సరేననాలి. కొందరు ఎక్కడున్నారో బయటపడటమే ప్రమాదం. అలాంటివాళ్లకు వేరే రంగు బ్యాడ్జి పెట్టకు, అదే అందరికీ చెప్పేస్తుంది. ఎవరిని తీయకూడదో వరుస సంఖ్యలతో రాసి ఫోటోగ్రాఫర్‌కివ్వు. ప్రేక్షకుల ఫోన్లు లోపలే ఉండాలని మొదట్లోనే చెప్పించు, ఇష్టమున్నవాళ్లు సభ అయ్యాక ఒక మూల ఫోటోలు దిగుతారు.

పిలుపు, నడక, చదవడం, ఫోటో కలిపి ఒకరికి నిమిషంన్నర. 30 మందికి 45 నిమిషాలు. మొత్తం సభ గంటన్నర దాటితే చిన్నవాళ్లు తట్టుకోలేరు, అందుకే వాళ్లనే ముందు పిలువు. అతిథులకు తలా 3 నిమిషాలని ముందే చెప్పు. పిలిచే వరుసలోనే కూర్చోబెట్టు, తర్వాతి ఇద్దరు మెట్ల దగ్గర సిద్ధంగా ఉండాలి. అయిదు ఖాళీ ప్రశంసాపత్రాలు దగ్గర పెట్టుకో, అక్షరదోషం ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే కనబడుతుంది.

వేదిక 30 సెంటీమీటర్ల ఎత్తుంటే చక్రాల కుర్చీకి 3.6 మీటర్ల వాలుబల్ల కావాలి, ఎత్తుకు 12 రెట్లు పొడవు లెక్కన. అది కుదరకపోతే అందరికీ కిందే ఇవ్వు. ఒక్కరికి మాత్రమే కింద ఇవ్వడం పెద్ద తప్పు. చప్పట్ల హోరుకు బెదిరే పిల్లలకు పక్కన ఒక ప్రశాంతమైన గది ఉంచు, అక్కడ ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. వేదికెక్కనంటే బతిమాలొద్దు, కూర్చున్నచోటే ఇవ్వు.

ఎంపిక కాని పిల్లలకు కనీసం వారం ముందు నువ్వే చెప్పు, హాల్లో కూర్చుని తెలుసుకోకూడదు. సభ ముగిశాక ఎవరి బిడ్డను ఎవరు తీసుకెళ్తున్నారో గుమ్మం దగ్గర సంతకం పెట్టించుకో. చివరి బిడ్డ వెళ్లేదాకా ఇద్దరు ఉండండి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ