పాఠకుల ప్రశ్న: పుట్టినరోజును బట్టి యుద్ధానికి పిలుపు

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి ఏటా వేసవిలో వెళ్లి వస్తుంటాను. పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధంలో పనిచేశారని ఈసారి తెలిసింది. తాను కోరి వెళ్లలేదని, లాటరీలో తన పుట్టినరోజుకు తక్కువ నంబరు వచ్చిందని చెప్పి, ఆపైన మౌనంగా ఉండిపోయారు. యుద్ధానికి లాటరీ ఏమిటి? ఇన్నేళ్ల తరువాత కూడా ఆయన ఎందుకు మాట్లాడలేకపోతున్నారు? మరికొంత అడగడం మర్యాదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, స్వతంత్ర భారతదేశంలో సైన్యంలో చేరినవారందరూ ఇష్టపడి చేరినవారే కనుక, మీకు ఆ మాట వింతగా తోచడం సహజం. అమెరికాలో మాత్రం 1973 వరకు యువకులను నిర్బంధంగా సైన్యంలోకి పిలిచేవారు. దానికోసం 18 ఏళ్లు నిండిన ప్రతి యువకుడూ తన పేరు నమోదు చేసుకోవలసి ఉండేది. ఈ పిలుపునే డ్రాఫ్టు అంటారు. ఊరూరా ఉండే డ్రాఫ్టు బోర్డు అతనిని పిలవవచ్చా, మినహాయించాలా అన్నది నిర్ణయించి, సైన్యానికి మనుషులు కావలసినప్పుడు అధ్యక్షుడి పేరుతో మొదలయ్యే ఉత్తరం పంపేది. 1964 నుంచి 1973 వరకు అలా దాదాపు 22 లక్షల మందిని పిలిచారు. వారందరూ వియత్నాం వెళ్లలేదు. కొందరిని జర్మనీకి, కొరియాకు కూడా పంపారు.

కళాశాలలో చదువుతున్నవారికి మినహాయింపు ఉండడంతో, ఫీజు కట్టలేక చదువు మానేసిన పేదింటి పిల్లలు, కార్మికుల పిల్లలు ముందుగా చిక్కేవారు. ఎవరిని పంపాలో నిర్ణయించే బోర్డు సభ్యుల్లో 1966 నాటికి నల్లజాతివారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ అన్యాయంపై విమర్శలు పెరగడంతో ప్రభుత్వం లాటరీని తెచ్చింది. అప్పటికే అమెరికన్లలో సగానికి పైగా ఆ యుద్ధంలో దిగడం పొరపాటని అభిప్రాయ సేకరణల్లో చెబుతున్నారు.

1969 డిసెంబరు 1 రాత్రి వాషింగ్టన్‌లో, సంవత్సరంలోని 366 తేదీలను రాసి నీలిరంగు ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టిన చీటీలను ఒక గాజు పాత్రలోంచి ఒక్కొక్కటిగా తీశారు. దేశమంతా టెలివిజన్‌లో చూస్తుండగా మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. అంటే 1944 నుంచి 1950 వరకు ఆ తేదీన పుట్టినవారందరికీ ఒకటో నంబరు, పిలుపు ముందుగా వారికే. ఆ లాటరీ ప్రకారం చివరకు 195వ నంబరు వరకు పిలిచారు. దానికి పైన నంబరు వచ్చినవారు ఊపిరి పీల్చుకున్నారు. విషాదమేమిటంటే, న్యాయం కోసం పెట్టిన ఆ లాటరీ కూడా సరిగా జరగలేదు. నెలల వరుసలో పోసిన చీటీలను బాగా కలపకపోవడం వల్ల, కుండలో చివర పోసిన బియ్యం ముందుగా చేతికి వచ్చినట్లు, ఏడాది చివరి నెలల తేదీలు ఎక్కువగా ముందే వచ్చేశాయి. డిసెంబరులో పుట్టిన వారిలో ఎక్కువమందికి తక్కువ నంబర్లే పడ్డాయి. గణాంక శాస్త్రజ్ఞులు ఈ లోపాన్ని ఎత్తిచూపాక, మరుసటి ఏడాది పద్ధతిని మార్చారు. కాని అప్పటికే పడిన నంబర్లను ఎవరూ మార్చలేదు. మీ పక్కింటాయన ఏ నెలలో పుట్టారో నాకు తెలియదు గాని, ఆయన ఆ నంబరును ఇన్నేళ్లు గుర్తుంచుకోవడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఆయన మౌనం సంగతి. వియత్నాంలో సైనికులకు సాధారణంగా 12 నెలల గడువు ఉండేది. దళమంతా కలిసి వెళ్లి కలిసి తిరిగి రావడం కాకుండా, ఎవరి గడువు ముగిస్తే వారు ఒంటరిగా విమానమెక్కేవారు. అడవిలో తుపాకి పట్టినవాడు రెండు మూడు రోజుల్లో తల్లిదండ్రుల ఇంట్లో భోజనానికి కూర్చునేవాడు. పక్కన ఆ అనుభవం తెలిసిన తోటివాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఇల్లు చేరాక చుట్టుపక్కలవారు కొందరు ఆ యుద్ధాన్ని ద్వేషించేవారు, కొందరు ఆ ప్రస్తావనే రానిచ్చేవారు కాదు. యుద్ధం వంటివి మనసుపై వేసే దీర్ఘకాలిక గాయాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒక వ్యాధిగా గుర్తించింది 1980లో మాత్రమే. 58 వేలకు పైగా మృతుల పేర్లు చెక్కిన నల్లరాతి గోడ వాషింగ్టన్‌లో వెలిసింది 1982లో. యుద్ధాన్ని నడిపినవారిపై రావలసిన కోపం చాలాచోట్ల పిలుపు అందుకుని వెళ్లిన కుర్రవాడిపై పడింది. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అడగడం మర్యాదేనమ్మా, ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. ఎవరినైనా చంపారా అని గాని, ఆ యుద్ధం న్యాయమైనదేనా అని గాని అడగవద్దు. ఉత్తరం వచ్చిన రోజున ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, అమ్మ ఏమన్నారు, శిక్షణలో స్నేహితులెవరు అని అడగండి. ఆ వయసువారు వాటిని చెప్పడానికి తరచుగా ఇష్టపడతారు. అమెరికా కాంగ్రెస్ 2000లో ఏర్పాటు చేసిన ఒక కార్యక్రమం కింద, మాజీ సైనికుల జ్ఞాపకాలను కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరుస్తోంది. కనీసం 30 నిమిషాల సంభాషణను బంధువులే కాక, ఇరుగుపొరుగువారు కూడా రికార్డు చేసి పంపవచ్చు. ఆయనకు సమ్మతమైతే మీ అబ్బాయి ఆ పనికి పూనుకోవచ్చు. వద్దంటే ఆ ప్రసంగం మళ్లీ ఎత్తకండి.