రిట్ వేయబోతున్న అమ్మడికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

రోడ్డు పక్క నుంచి తొలగించిన తోపుడుబండ్ల వారి తరఫున నువ్వు ఆ తొలగింపును సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ వేస్తున్నావని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వకాల్తా, కోర్టు ఫీజు, ఆలస్యం చేయకుండా దాఖలు చేయడం నీకు తెలిసినవే.

నా భయమల్లా నీ ధారాళమైన ఇంగ్లీషు గురించే. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి కూడా రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత, చేపలమ్ముకునే ఒక ముసలమ్మ కోసం నేనూ రిట్ వేశాను. అఫిడవిట్ నిండా ఆ తీర్పులోని మాటలే నింపాను. మొదటిరోజే ఆమె "ఒక్క కాయితం ముక్కయినా ఇవ్వనేదు బాబూ" అంది. అంత చిన్న సంగతి రాజ్యాంగం పక్కన ఎందుకని వదిలేశాను. నోటీసు ఇచ్చామని అధికారులు తమ జవాబులో, అంటే కౌంటరులో, రాస్తే, కాదనే వాక్యం మా కాగితాల్లో ఎక్కడా లేదు. తొలగింపు మంచిదా చెడ్డదా అని నేను వాదిస్తుంటే, ఇది అప్పీలు కాదని, నిర్ణయం ఏ పద్ధతిలో జరిగిందో చెప్పమని న్యాయమూర్తి అడిగారు. రిట్ కొట్టేశారు. హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ రైల్లో ఆమె, "ఆ కాయితం మాట మళ్లీసారి చెప్తారా బాబూ?" అని అడిగింది. మళ్లీసారి లేదని చెప్పడానికి నాకు నోరు రాక, విజయనగరం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నీకు నాకంటే గట్టి ఆధారం ఉంది. 2014 వీధి వర్తకుల చట్టం 18వ సెక్షన్ ప్రకారం తొలగించే ముందు ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. ముందు అది రాయి. ఆ తర్వాతే రాజ్యాంగంలోని 19(1)(జి) కింద వ్యాపారం చేసుకునే హక్కుకు, 19(6) అనుమతించే సహేతుక పరిమితికి వెళ్లు. మన జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1952లోనే వి.జి. రావ్ కేసులో, ఏ హక్కుకు దెబ్బ తగిలింది, ఏ కీడును ఆపడానికి, ఆ కీడుకు ఈ ఆంక్ష మించిపోయిందా అని చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆంక్ష అవసరానికి మించిందా అని కోర్టులు చూసే నేటి అనుపాత పరీక్ష దానికి తోడుగా, హక్కుకు ఇంతకంటే తక్కువ నష్టం చేసే మార్గం లేదా అని కూడా అడుగుతుంది. బండ్లను పక్క వీధికి జరిపితే సరిపోయేదా? కొలతలతో, ఫోటోలతో చూపించు.

సంతకం పెట్టించే ముందు అఫిడవిట్ మొత్తం వాళ్లకు తెలుగులో చదివి వినిపించు, వాళ్లు మధ్యలో ఆపితే ఆగు. చిత్తుప్రతి నాకు పంపు తల్లీ, కళ్లద్దాలు కొత్తవి చేయించుకున్నాను.

మీ పెదనాన్న