యజమాని సంతకం పెట్టకపోతే కౌలు రైతుకు బీమా దక్కదా?

సందేహం: కృష్ణా డెల్టాలో మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. కాగితం లేదు, అంతా నోటిమాటే. నిరుడు సార్వా (ఖరీఫ్) వరి పనల మీద ఉండగా వానకు తడిసి మొలకెత్తింది. బీమా డబ్బు మాత్రం యజమాని ఖాతాలో పడింది. ఈసారి కౌలు కార్డుకు సంతకం అడిగితే ‘రేపు పొలం నాదంటావు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆయన భయం పోగొట్టాలండీ, కోర్టు సంగతి తర్వాత. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది. కాగితం అంటే యజమానులు ఉలిక్కిపడేది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం అలాంటిది కాదు. మీరడిగే కౌలు కార్డు దీని కిందిదే. ఒప్పందం 11 నెలలకే. మీకొచ్చే హక్కు పంట మీదే: పంట రుణం, బీమా, నష్టపరిహారం. భూమి హక్కు ఆయనదే. ఈ మాట మీరు చెబితే నమ్మకపోవచ్చు, వీఆర్వో చేత చెప్పించండి.

అసలు మెలిక బ్యాంకులో ఉంటుంది. ఆ పొలం మీద యజమాని పంట రుణం తీసుకుని ఉంటే, బీమా ఆయన పేరునే కట్టించుకుంటారు. ఒకే పొలానికి, ఒకే పంటకు రెండు బీమాలు కుదరవు. 2020 ఖరీఫ్ నుంచి రుణం ఉన్నవారికీ ఫసల్ బీమా తప్పనిసరి కాదు. బీమా నమోదు గడువుకు 7 రోజుల ముందు ఆయన బ్యాంకుకు వద్దని రాసిస్తే, మీ పేరున మీరు కట్టుకోవచ్చు. ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా మీ పేరే పడిందో లేదో రైతు సేవా కేంద్రంలో జాబితా చూసి తేల్చుకోండి.

కోసి పొలంలో ఆరబెట్టిన పంట అకాల వర్షానికి తడిస్తే, కోత నుంచి 14 రోజుల దాకా బీమా వర్తిస్తుంది. కానీ 72 గంటల్లో 14447కు ఫోన్ చేసి చెప్పాలి. తడిసిన పనలను గట్టు, పక్క చేను కనిపించేలా ఫోటో తీయండి. చాలామంది చేజార్చుకునేది ఈ మూడు రోజులనే.

నిరుటి డబ్బు కోసం దావా వేయొచ్చు, సాధారణంగా మూడేళ్లలోపు. అయితే నోటిమాట కౌలుకు రుజువులు కావాలి: మక్తా (కౌలు) చెల్లింపులు, ఎరువుల బిల్లులు, పక్క రైతుల సాక్ష్యం. మండల న్యాయ సేవా కమిటీలో అర్జీ పెడితే లోక్ అదాలత్‌కు ఇద్దరినీ పిలుస్తారు, ఫీజు ఉండదు. రాజీ కుదిరితే కొత్త ఒప్పందం మీద సంతకం కూడా అక్కడే అడగండి.