'వాళ్లు నివసిస్తారు': ఊనిక ఎక్కడ?

ఇటాలియన్‌లో 'వాళ్లు నివసిస్తారు' అనే abitano ను 'అబితానొ' అని చదివితే మీ టీచర్ దిద్దారన్నారు కదండీ, ఆవిడ చెప్పిందే కరెక్టు. ఆ-బి-త-నొ: నాలుగు అక్షరాలు, ఊనిక (నొక్కి పలకడం) మొదటిదాని మీద.

'అబిత్' ధాతువు, 'అ' మధ్య అచ్చు, 'నొ' బహువచన ప్రత్యయం. వర్తమానంలో ఈ 'నొ' ఊనికను తన వైపు లాక్కోదు. 'నేను' రూపం ఆబితొలో ఎక్కడుందో ఇక్కడా అక్కడే. 'మేము', 'మీరు' రూపాల్లోనే అది పదం చివరి వైపుకి జరుగుతుంది: అబిత్యామొ, అబితాతె.

ఊనిక తప్పితే అర్థమే మారిపోవచ్చు, చూడండి: కాపితనొ అంటే 'జరుగుతుంటాయి', కపితానొ అంటే కెప్టెన్, కపితనో అంటే 'నాయకత్వం వహించాడు'. మామూలు ఇటాలియన్ రాతలో ఊనిక గుర్తు పెట్టేది ఈ చివరిదానికే. మిగతా రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి.

అందుకే కొత్త క్రియ నేర్చుకున్నప్పుడల్లా 'నేను' రూపాన్ని కూడా పైకి పలికి గుర్తుపెట్టుకోండి.